రెండు మేళములు - ఒక సభ



గతమాసమున మన పుటకు వచ్చిన జాబులలో ఒకటి నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. వ్రాసిన సోదరి పేరు చెప్పను. ఆమె యింటికి క్రొత్తగా వచ్చిన కోడలు సాయంకాలములందు గదిలో కూర్చుండి ఎలెక్ట్రిక్ గిటారు వాయించునట. "మా యింట ముప్పది యేండ్లుగా తెల్లవారుజామున త్యాగరాజస్వామి కీర్తనలు వినబడుచున్నవి. ఈ మ్రోత మా గోడలకే క్రొత్త. ఆ పిల్లచేత దీనిని మాన్పించుట యెట్లు? మెల్లగా చెప్పవలెనా, గట్టిగా చెప్పవలెనా?" అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానము వ్రాయుటకు నాకంటె తగినవారు లేరు. ఇది నా గొప్ప చెప్పుకొనుట కాదు, నా తప్పు ఒప్పుకొనుట. ఆ పని నేను గట్టిగానే చేసితిని. చేసిన యేడాదికి లండను నగరమున ఒక సంగీతసభలో కూర్చుండి, చీకటిలో నా ముఖమెవరికిని కనబడదు గదా యని సంతోషించితిని. ఇన్నాళ్ళు ఈ పుటలో ఆ సంగతి చెప్పలేదు. ఇప్పుడు చెప్పెదను.

మాది విజయనగరము. చిన్నతనమున నేను ఫిడేలు నేర్చితిని. ద్వారం వేంకటస్వామినాయుడుగారు పూర్వము అధ్యక్షులుగా నుండిన సంగీతకళాశాల గల ఊరిలో పుట్టి ఫిడేలు ముట్టకుండుట మా పెద్దలకు నామర్దాగా తోచెడిది. పెండ్లియైన పిదప కచేరీలు లేకున్నను సాధన మానలేదు. అందువలన సంగీతమన నేమో నాకు తెలియునని నా నమ్మకము.

1998లో మా అబ్బాయికి పెండ్లియైనది. పిల్ల మన తెలుగువారి బిడ్డయే. తండ్రి ఇంగ్లండులోని లెస్టరు పట్టణమున వైద్యుడు. ఆమె అక్కడనే పుట్టి పెరిగినది. పెండ్లి తరువాత మా యింట నెలదినము లుండుటకు వచ్చినప్పుడు చీరల పెట్టెతోపాటు నల్లని పొడుగాటి పెట్టె యొకటి తెచ్చినది. ఒకనాటి మధ్యాహ్నము మా ఆడబిడ్డలు, వారి పిల్లలు హాలులో నుండగా ఆ పెట్టె తెరచి, చిన్న ధ్వనిపెట్టెకు తీగ తగిలించి, గిటారు వాయింపసాగినది. పిల్లలు చుట్టు మూగిరి. నేను వంటయింటినుండి వచ్చి, "ఈ యింట సంగీతము మాత్రమే వాయిస్తాము తల్లీ!" అంటిని.

నవ్వుచునే అంటిని. నవ్వుచు అనిన మాటకే పదును హెచ్చు. ఆ పిల్ల మారుమాటాడలేదు. పెట్టె మూసినది. దానిని నేనే అటకపై పెట్టించితిని. నెల గడచి వారు లండనుకు పోవునప్పుడు ఆ పెట్టె అటకమీదనే యుండిపోయినది. మరచిపోయినదనుకొంటిని. తరువాత టెలిఫోనులో మాటాడినప్పుడెల్ల "బాగున్నారా అత్తయ్యా?" అని అడుగును, అంతకు మించి మాట సాగదు. ఏడాది అట్లే గడచినది.

1999 ఆగస్టులో మేమిద్దరమును లండనుకు పోతిమి. సెప్టెంబరులో ఒకనాడు ఆమె నా యొద్దకు వచ్చి, "అత్తయ్యా, శనివారం ఒక కచేరీ ఉంది. రెండే టిక్కెట్లు కొన్నాను. మీరు వస్తారా?" అని అడిగినది. ఏమి కచేరీ యంటిని. "లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా" అని, కొంచెమాగి, "దానితోబాటు డీప్ పర్పుల్ అనే రాక్ బృందం" అనినది. మొదటి మాటకు ఒప్పుకొంటిని; రెండవ మాటకు వెనుదీయ వీలు లేకపోయినది. మా వారు చలికి వెఱచి రానన్నారు. అబ్బాయి తండ్రికి తోడుగా ఇంట నుండెను.

సెప్టెంబరు 25వ తేది సాయంకాలము మేము సౌత్ కెన్సింగ్టను స్టేషనులో దిగి, భూమిలోపలి పొడుగాటి దారివెంట నడచి, రాయల్ ఆల్బర్ట్ హాలు చేరితిమి. ఎఱ్ఱని యిటుకలతో కట్టిన గుండ్రని భవనమది. విక్టోరియా రాణి తన భర్తయగు ఆల్బర్టు పేరట దీనిని 1871లో తెరచినది. వేలకొలది జనము పట్టును. మా చోటు చాల యెత్తున నున్నది. క్రిందికి చూచిన కన్నులు తిరుగును. పైకి చూచిన, కప్పునుండి పెద్ద పెద్ద పుట్టగొడుగులవంటి తట్టలు వ్రేలాడుచున్నవి. ఆ గుమ్మటములో పూర్వము ప్రతి శబ్దమును రెండుమార్లు వినబడెడిదట. ఆ ప్రతిధ్వనిని తగ్గించుటకు 1969లో ఆ తట్టలు కట్టిరి.

"ఈ కచేరీకీ అదే యేడాది అత్తయ్యా" అని కోడలు కథ చెప్పసాగినది. సభ మొదలగుటకు ఇంకను అరగంట యున్నది. ఒక సంవత్సరములో మేమిద్దరమును అంతసేపు మాటాడుట అదియే మొదలు.

డీప్ పర్పుల్ 1968లో ఏర్పడిన ఆంగ్లేయ బృందము. అందులో ఆర్గను వాయించు జాన్ లార్డు 1941లో లెస్టరులో పుట్టినవాడు. "మా ఊరివాడే" అని ఆమె గర్వముగా చెప్పినది. చిన్నతనమున అతడు పియానోపై పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము నేర్చెను. యౌవనమున రాక్ సంగీతమున ప్రవేశించెను. ఈ రెండును కలిసి యుండు రచన యొకటి చేయవలెనని అతని కోరిక. వారి వ్యవహారకర్త ఒకనాడు ఆల్బర్ట్ హాలునే ముందుగా కుదిర్చివేసెను. రచన యింకను పుట్టలేదు. ముహూర్తము మాత్రము నిశ్చయమైనది! జాన్ లార్డు పగలు బృందముతో తిరుగుచు, కచేరీలు ముగిసిన పిదప రాత్రులు కూర్చుండి, పదులకొలది వాద్యములకు స్వరము వ్రాసెను. 1969 సెప్టెంబరు 24న రాయల్ ఫిల్హార్మానిక్ ఆర్కెస్ట్రాతో ఆ రచన మొదటిసారి వినిపించిరి.

దానిని నడిపించిన పెద్ద సర్ మాల్కమ్ ఆర్నాల్డు. అప్పటికి ఆయనకు సర్ బిరుదము లేదు. యౌవనమున ఆర్కెస్ట్రాలో బాకా ఊదిన మనుష్యుడు. స్వయముగా సింఫనీలు వ్రాసినవాడు. 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై' అను చలనచిత్రమునకు సంగీతము కూర్చి ఆస్కారు బహుమానము పొందినవాడు. అట్టివాడు జులపాల జుట్టు కుఱ్ఱవాండ్ర ప్రక్క నిలువ నేల యొప్పుకొనెనో! ఒప్పుకొనుటయే కాదు, మనసారా పూనుకొనెను.

రిహార్సలు దినములు సుఖముగా గడువలేదట. ఆర్కెస్ట్రాలోని కొందఱికి ఈ పొత్తు రుచింపలేదు. సెల్లో వాయించు ఒక విదుషి లేచి నిలిచి, ఇట్టి తక్కువ బృందముతో వాయించుటకా నేను ఆర్కెస్ట్రాలో చేరినది అనెనట. ఆర్నాల్డు ఊరకుండలేదు. మీరు వాయించవలసినట్లు వాయించుటలేదని తన వారినే మందలించెనట. జాన్ లార్డు తరువాతి కాలమున ఈ సంగతి పలుమారు చెప్పుకొనియుండెను.

కోడలు ఈ మాట చెప్పినప్పుడు నా వంక చూడలేదు. ఆమె మనసులో ఏమియు లేదనియే నేటికిని నా నమ్మకము. కాని నాకు మా హాలు, పిల్లలు, మూసిన పెట్టె కన్నులకు కట్టినవి. సెల్లో చేతబట్టి లేచిన ఆ విదుషిని నేనే గదా! ఆనాడు మా యింట ఆర్నాల్డు లేకపోయెను. ఆ స్థానము పెద్దదాననగు నాది. దానిని ఖాళీగా విడిచి నేను వేఱొక చోట నిలిచితిని.

ఇంతలో దీపములు తగ్గినవి.

సభ మొదటి భాగమున పాటలు పెక్కు వినిపించిరి. కొన్ని నాకు నచ్చినవి. కొన్నిటికి చెవులు మూసికొంటిని. కోడలు ముందే తెచ్చిన దూది నా చేతిలో పెట్టినది. తరువాత ఆ పెద్ద రచన వచ్చినది. దాని పేరు 'కన్సర్టో ఫర్ గ్రూప్ అండ్ ఆర్కెస్ట్రా'. ఇందు మూడు భాగములు కలవు.

మొదటి భాగమున చాలసేపు ఆర్కెస్ట్రాయే వాయించినది. ఫిడేళ్ళ వరుసలు గాలికి వరిచేను వంగినట్లు కమానులు ఒక్కమాఱుగా వంచుచు లేపుచుండగా నేను ఒడలు మరచితిని. అంతట డ్రమ్ములు, గిటార్లు, ఆర్గను పిడుగువలె వచ్చి పడినవి. ఇక పోరు! ఒకరి మాట నొకరు త్రుంచుటయే. నాకు కోపము వచ్చినది. వీరెందుకు వారిని చెప్పనీయరు? కొంతసేపటికి తెలిసినది, జాన్ లార్డు కావలెననియే అట్లు వ్రాసెనని. మొదటి భాగమున రెండు మేళములును శత్రువులు. కలిసిన మొదటినాడే కలిసిపోయినట్లు నటించుట ఆయనకు ఇష్టము లేకపోయెను.

మధ్య గిటారు ఒంటరిగా పలికినది. 1969లో రిచీ బ్లాక్‌మోరు వాయించిన చోట ఈమాఱు స్టీవ్ మోర్సు వాయించెను. నేను దూరదర్శిని తెచ్చుకొంటిని. అతని యెడమచేయి చూచితిని. అతడు తంత్రిని మెట్టుపై నొక్కి, ప్రక్కకు లాగుచున్నాడు! లాగిన కొలది స్వరము సాగి పైస్వరమును తాకి దిగుచున్నది. మా అమ్మగారు వీణపై చేసినది అదియే కదా! వీణ మెట్లపై తంత్రిని ప్రక్కకు లాగియే గదా మనము గమకము పలికించుట. అది మన గమకము కాదు, రాగము లేదు, ఐనను ఆ వ్రేలు చేయు పని నేనెఱిగిన పనియే. మా యింట నా పిల్ల వాయించిననాడు నేను చెవి యొగ్గితినా? కనీసము కన్నెత్తి ఆ చేతిని చూచితినా?

రెండవ భాగము నెమ్మదియైనది. ఒక రాగచ్ఛాయను ఆర్కెస్ట్రా పలికిన, దానినే బృందము తన రీతిని పలుకును. ఇయాన్ గిలన్ అను గాయకుడు తాను వ్రాసికొన్న మాటలు పాడెను. పోరు సద్దుమణిగి, ఒకరు మాటాడునప్పుడు మఱియొకరు వినుట యలవాటైనట్లు తోచినది. మూడవ భాగమున ఇరువురును కలిసి పరుగెత్తిరి. ఇయాన్ పెయిస్ డ్రమ్ములపై ఒంటరిగా వాయించినప్పుడు నాకు మన తనియావర్తనము తలపునకు వచ్చినది. ఆర్కెస్ట్రా విద్వాంసులు ఫిడేళ్ళు ఒడిలో పెట్టుకొని వినుచుండిరి. ఒకరిద్దరు తలలూచుచుండిరి.

అందఱును లేచి చప్పట్లు కొట్టిరి. నేనును లేచితిని. అప్పుడు కోడలు చెప్పిన మాట నన్ను మఱింత కదిల్చినది. జాన్ లార్డు వ్రాసిన స్వరపత్రములు 1970లోనే పోయినవి. మఱల వాయింతమన్న వ్రాత లేదు. దాదాపు ముప్పది యేండ్లు అట్లే గడచినవి. మార్కో డ గూయ్ అను డచ్చి దేశపు సంగీతకర్త, ఆ మొదటి కచేరీ ధ్వనిముద్రణను వినుచు, చిత్రమును చూచుచు, ఏ వాద్యమేమి పలికెనో చెవితో పట్టి, స్వరము వెంట స్వరము తిరిగి వ్రాసెను. తరువాత జాన్ లార్డు, ఈనాటి సభను నడిపిన పాల్ మాన్ అను యువకుడు కూడి దానిని సరిచూచిరి. ఆ శ్రమవలననే ఆ రాత్రి మేమది వింటిమి.

ఆలోచింపుడు. ఫిడేళ్ళ గుంపులో రెండవ వరుస ఏమి వాయించెనో, డ్రమ్ముల హోరు క్రింద వేణువేమి పలికెనో పట్టుటకు ఎన్నిమార్లు వినవలెను! ఇతరుల శబ్దమును అంత శ్రద్ధతో విన్నవాడొక డుండబట్టి పోయిన సొత్తు తిరిగి వచ్చినది. నేను మా కోడలి సంగీతమును ఒక్క నిమిషము వినకుండ తీర్పు చెప్పితిని.

సభ ముగిసి వెలుపలికి వచ్చితిమి. ఎదుట కెన్సింగ్టను తోటల చీకటి. చలిగా నున్నది. మెట్లు దిగునప్పుడు ఆమె నా చేయి పట్టుకొన్నది. ఆమె యెడమచేతి వ్రేళ్ళ కొనలు గట్టిగా తగిలినవి. తంత్రులు నొక్కి నొక్కి కాయలు కాచిన వ్రేళ్ళవి. నా వ్రేళ్ళును అట్లే యుండును.

"అమ్మాయీ, ఆ పెట్టె మా యింట మరచిపోయావు కదూ?" అంటిని.

ఆమె కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "మరచిపోలేదు అత్తయ్యా" అనినది.

"అది నాకూ తెలుసు. ఆ రోజు నేనన్న మాట తప్పు" అంటిని. పెద్దవారు చిన్నవారితో ఈ మాట చెప్పుట మన యిండ్లలో వాడుక లేదు. నోరు పెగలుట కష్టమే. ఆమె యేమియు అనలేదు. చేయి మాత్రము విడువలేదు. ఇల్లు చేరువరకు, గిటారు ఎవరియొద్ద నేర్చెనో, లెస్టరులో తన గదిలో తలుపు వేసికొని ఎంతసేపు వాయించెడిదో చెప్పుచునే యుండినది. ఆ కథలన్నియు ఒక సంవత్సరము ఆలస్యముగా వింటిని.

ఆ మఱుసటి వేసవిని వారు విజయనగరము వచ్చినప్పుడు పెట్టెను అటకమీదినుండి నేనే దింపించి, దుమ్ము తుడిచి, ఆమె గదిలో ఉంచితిని. ఒకనాడు ఇరువురము కలిసి వాయింప బూనితిమి. హంసధ్వని స్వరములు ఆమెకు చెప్పితిని. మొదట శ్రుతి కుదరలేదు. గిటారు మెట్లు స్థిరముగా బిగించినవి, అవి జరుగవు. ఫిడేలుకు మెట్లు లేవు. నా వ్రేలు ఎక్కడ నిలిపిన అక్కడనే స్వరము. కావున సర్దుకొనవలసినదానను నేనే. సర్దుకొంటిని. ఆ సాయంకాలము వాయించినది గొప్ప సంగీతమని చెప్పను. మా ఆడబిడ్డలు మాత్రము వంటయింటినుండి వచ్చి గుమ్మములో నిలిచిరి.

సత్యమును దాచరాదు గనుక మఱియొక మాటయు చెప్పెదను. ఆ 1969 పొత్తు అందఱికిని నచ్చలేదు. విమర్శకులలో భిన్నాభిప్రాయములు కలిగినవి. బృందములోనే రిచీ బ్లాక్‌మోరునకు ఆర్కెస్ట్రాతోడి పొత్తు ఇష్టము కాలేదు. 1970లో వారు వెలువరించిన 'డీప్ పర్పుల్ ఇన్ రాక్' ఆర్కెస్ట్రా లేని వట్టి రాక్ సంగీతము. కలిసి వాయించిన మాత్రమున ఒకరొకరుగా మారిపోనక్కరలేదు. నేనును మారలేదు. నేటికిని నాకు తోడి రాగమే ప్రాణము. ఆమెకు గిటారే ప్రాణము. సర్ మాల్కమ్ ఆర్నాల్డు 2006లోను, జాన్ లార్డు 2012లోను గతించిరి. జాన్ లార్డు పోయిన వార్త నాకు చెప్పుటకు ఆమె లండనునుండి టెలిఫోను చేసినది. అట్టి వార్తను నాకు చెప్పవలెనని ఆమెకు తోచుటయే నేను పొందిన లాభము.

ఇక జాబు వ్రాసిన సోదరికి నా ఉత్తరము.

అమ్మా! మీ యింటి గోడలకు ఆ మ్రోత క్రొత్తయన్నారు. మన ఫిడేలు మాత్రము ఏనాటిది? అదియు దొరల వాద్యమే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు దానిని నేర్చి మన సంగీతమునకు తెచ్చిరి. ఆనాడు వారి యింటి పెద్దలు "ఈ యింట సంగీతము మాత్రమే వాయింతుము" అనియుండిన, ద్వారంవారి ఫిడేలు మనకెక్కడిది? నా చేతిలోని కమాను ఎక్కడిది?

కావున మెల్లగాను చెప్పవద్దు, గట్టిగాను చెప్పవద్దు. ముందు ఒకమాఱు వినుడు. ఆ పిల్ల గదిలో కూర్చుండి, ఒక పాట మొదటినుండి తుదివరకు వినుడు. ఆమె చేతులు చూడుడు. ఇది ఎట్లు వాయింతువని అడుగుడు. నచ్చకున్న నచ్చలేదని పిమ్మట చెప్పవచ్చును. విన్నవారి మాటకు విలువ యుండును. ధ్వని హెచ్చైన తగ్గింపుమని అడుగుటలో తప్పు లేదు. ధ్వనిపెట్టెకు తగ్గించు మీట యుండును. పసిబిడ్డలు, రోగులు నిద్రించు వేళలు చెప్పి, సాయంకాలము ఇంత వేళ నీదని యేర్పాటు చేయుడు. తెల్లవారుజాము మీది, సాయంకాలము ఆమెది. పెద్ద కచేరీకి పోవలసివచ్చిన మాత్రము చెవులకు దూది మఱవకుడు. ఇది నా అనుభవము.

ఇరువురి నడుమ నిలిచి, క్రొత్తగా వచ్చినవారిని గౌరవించి, తన వారిచేత గౌరవింపజేయుట ఇంటి పెద్దయైన ఆడుదాని పని. మీ యింట ఆ పనికి మీరున్నారు. నావలె ఏడాది జాగుచేయక, ఈ వారమే ఆ గది తలుపు తట్టుడు. ఏమి జరిగినదో మన పుటకు వ్రాయుడు.